నాలోక్సోన్ ఖర్చు లెక్క మరోసారి వేయండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే ఏపీఎంఎస్‌ఐడీసీ అధికారులకు,

నమస్కారం.

నేను విజయవాడలో క్యాజువాలిటీ డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుని. మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవాళ్లకు విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఇప్పుడు ప్రధానంగా ఆపరేషన్ థియేటర్లలోనూ పెద్దాసుపత్రుల ఎమర్జెన్సీ ట్రేలలోనూ ఉంటోంది. దాన్ని అక్కణ్నుంచి బయటికి పంపాలి. ప్రతి 108 బండిలో, ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో, విజయవాడ జంక్షన్‌లో, పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో, గుంటూరు బస్టాండ్‌లో, మత్తు మాన్పించే చికిత్సలో ఉన్న కుర్రాళ్ల ఇళ్లలో అది ఉండాలి. ఇది అడగడానికే ఈ ఉత్తరం.

ఈ మాట ఎక్కడ ఎత్తినా ముందుగా వచ్చే ప్రశ్న, డబ్బులెవరు పెడతారని. దాని వెనకే ఇంకోటి వస్తుంది: మత్తుకు బానిసైనవాళ్ల మీద ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలని. రెండింటికీ జవాబు చెప్పాల్సిందే. ప్రజల సొమ్ము గురించి అడిగేవాళ్లను తప్పుపట్టను. అయితే ఇన్నాళ్లూ ఆ లెక్కలో మందు ధర ఒక్కటే వేశారు, మిగతావి వేయలేదు.

ముందు మందు సంగతి. నాలోక్సోన్ కొత్తది కాదు. 1961లో పేటెంటు తీసుకున్నారు, 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలోనూ ఉంది. హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్, నొప్పి మాత్రల్లో ట్రమడాల్, టపెంటడాల్, ఇవన్నీ ఓపియాయిడ్లు, అంటే నల్లమందు పనిచేసే తీరులోనే పనిచేసేవి. మోతాదు మించితే మెదడులో ఊపిరిని నడిపే భాగం మొద్దుబారిపోతుంది. చూసేవాళ్లకు మనిషి గాఢనిద్రలో ఉన్నట్టే కనిపిస్తాడు, ఊపిరి మాత్రం ఆగిపోతూ ఉంటుంది. నాలోక్సోన్ ఆ మందును మెదడులో అది పట్టుకున్న చోటు నుంచి నెట్టేస్తుంది. నరానికిస్తే ఒకటి రెండు నిమిషాల్లో, కండకిస్తే ఐదు నిమిషాల్లోపు ఊపిరి అందుకుంటుంది. దీనికి మత్తు లేదు, అలవాటు పడటం లేదు. ఓపియాయిడ్ ఒంట్లో లేని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని దాదాపు ఉండదు.

ఏం చేయలేదో కూడా చెప్పాలి. గంజాయికి, మద్యానికి, నిద్రమాత్రలకి ఇది విరుగుడు కాదు. ట్రమడాల్ ఎక్కువైతే వచ్చే ఫిట్స్‌ని ఆపదు. మన రాష్ట్రంలో మత్తు అనగానే అందరి దృష్టీ గంజాయి మీదికే పోతుంది, మీటింగులన్నీ దాని గురించే. కానీ గంజాయితో ఊపిరి ఆగి చనిపోవడం దాదాపు ఉండదు. ఊపిరి తీసేవి ఈ మాత్రలూ, ఈ సూదులూ.

రాత్రి డ్యూటీలో మేం చూసేది ఇలా ఉంటుంది. ఆటోలో ఇద్దరు కుర్రాళ్లు మూడో కుర్రాణ్ని మోసుకొస్తారు. పెదాలు నీలం తిరిగి ఉంటాయి. గొంతులో గురకలాంటి చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ వినపడదు, మళ్లీ ఒక గురక. టార్చి వేసి చూస్తే కంటిపాప గుండుసూది తలంత ఉంటుంది. ఒకరు ఊపిరి అందించే సంచి, అంబూ బ్యాగ్, నొక్కుతూ ఉంటే ఇంకొకరు నరం వెతుకుతారు. సూదిమందుకు అలవాటుపడ్డవాళ్ల చేతుల్లో నరం ఒక పట్టాన దొరకదు. మందున్న చిన్న గాజుసీసా, అంటే ఆంప్యూల్, మెడ విరిచి, సెలైన్‌లో పలచన చేసి, కొంచెం కొంచెంగా ఎక్కిస్తాం. ఒక్కసారిగా మొత్తం ఇస్తే పడుకున్నవాడు మత్తు ఒక్కసారిగా తెగిపోయే బాధతో, అంటే విత్‌డ్రాయల్‌తో, విలవిల్లాడుతూ లేస్తాడు కాబట్టి అంత జాగ్రత్త. ఛాతీ ఒకసారి లేస్తుంది. మళ్లీ లేస్తుంది. పెదాలకు రంగొస్తుంది. కళ్లు తెరిచి మమ్మల్నే తిడతాడు, వాంతి చేసుకుంటాడు, సెలైన్ పీకేసి వెళ్లిపోతానంటాడు. పోనివ్వకూడదు. నాలోక్సోన్ పనిచేసేది అరగంట నుంచి గంటన్నర వరకే, ఒంట్లో ఉన్న మందు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. దీని ప్రభావం తగ్గాక ఊపిరి మళ్లీ పడిపోవచ్చు. అందుకే గంటల తరబడి పక్కనే ఉండి గమనించాలి, అవసరమైతే మళ్లీ ఇవ్వాలి.

ఈలోగా తీసుకొచ్చిన ఇద్దరూ ఉండరు. ఓపీ చీటీ రాయించుకోమనగానే వెళ్లిపోతారు. ఏం మింగాడో, ఎన్ని మింగాడో, ఎప్పుడు మింగాడో చెప్పగలిగేది వాళ్లే. కేసవుతుందన్న భయం వాళ్లది.

ఆ మూడో కుర్రాడు అదృష్టవంతుడు. మాకు ఎక్కువ బాధ కలిగించేది పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. రామవరప్పాడు రింగు దాటి, బెంజి సర్కిల్ దాటి వచ్చేసరికి గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి మాత్రం తిరిగి రాడు. వెంటిలేటర్ మీద వారాలు, ఊపిరి కోసం మెడకు రంధ్రం చేసి పెట్టిన ట్రేకియాస్టమీ గొట్టం, తర్వాత డిశ్చార్జి. ఇంటికెళ్లాక ఒక తల్లి రాగిజావ వడకట్టి, ముక్కులోని గొట్టానికి సిరంజి తగిలించి, రోజుకు ఇన్నిసార్లని పోస్తూ కూర్చుంటుంది. వీపుకి పుండ్లు పడకుండా కొడుకుని అటూ ఇటూ తిప్పుతుంది. ఆమె పనికి పోవడం మానేస్తుంది. తండ్రి ఆటోనో, స్థలమో అమ్ముతాడు. ఇది ప్రభుత్వ పద్దుల్లో ఎక్కడా కనిపించదు. వెంటిలేటర్ రోజులు ఆసుపత్రి ఖర్చులో కలిసిపోతాయి, తల్లి కూలి ఏ ఖర్చులోనూ చేరదు. ఇవ్వని ఒక ఆంప్యూల్‌కి మనం కడుతున్న మూల్యం ఇది. ప్రజా ధనం లెక్క అంటే నా దృష్టిలో దీన్ని కూడా కలిపి వేయడమే.

ఇది పంజాబ్ సమస్య, ఈశాన్య రాష్ట్రాల సమస్య అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో 2.06 శాతం మంది, అంటే సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని తేలింది. దానివల్ల సమస్యల్లో పడ్డవాళ్లలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారని చెబుతూ ఆ నివేదిక ఇచ్చిన పేర్లలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, మహారాష్ట్రలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. హెరాయిన్ ఒక్కటే కాదు, మెడికల్ షాపులో దొరికే నొప్పి మందుల వాడకం కూడా దాదాపు దానికి సమానంగా ఉందని అదే సర్వే చెప్పింది. 2018లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం, కిందికి తెచ్చింది ఈ వాడకాన్ని అరికట్టడానికే. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో రాష్ట్రమంతా మెడికల్ షాపుల్లో సోదాలు జరిగిందీ ఇందుకే. మత్తుమందులను అడ్డుకోవడానికి ఈగల్ అనే పోలీసు విభాగం పెట్టారు, ఫిర్యాదులకు 1972 నంబరు ఇచ్చారు. సరఫరా మీద ఇంత డబ్బూ ఇంత శ్రమా పెట్టిన ప్రభుత్వం, ఈలోగా ఊపిరి ఆగిపోయేవాడి కోసం ఒక ఆంప్యూల్ దగ్గర ఎందుకు ఆలోచిస్తోంది?

ఇక ఖర్చు. 2013లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు హెరాయిన్ వాడేవాళ్లకు నాలోక్సోన్ కిట్లు పంచితే ఏమవుతుందో లెక్కగట్టారు. 227 కిట్లు పంచితే ఒక ప్రాణం నిలుస్తుందని వచ్చింది. ఒక ఆరోగ్యవంతమైన సంవత్సరం దక్కించుకోవడానికి అయ్యే ఖర్చు 438 డాలర్లు. ఆ దేశంలో వైద్యానికి పెట్టే ఖర్చులతో పోలిస్తే ఇది చిల్లర కిందే లెక్క. మన దగ్గర ఎలా ఉండొచ్చు? రెండు ఆంప్యూళ్లు, రెండు సిరంజులు, గ్లౌజులు, బొమ్మల కాగితం, నేర్పించే మనిషి జీతం, గడువు తీరినవి మార్చడం, అన్నీ కలిపి కిట్టుకి వెయ్యి రూపాయలని ఉదారంగానే అనుకుందాం. 227 కిట్లకి 2 లక్షల 27 వేలు. మన పరిస్థితులు వేరు కాబట్టి ఫలితం అందులో పదో వంతే వస్తుందనుకున్నా, ఒక ప్రాణానికి 22 లక్షల 70 వేలు. పదో వంతు ఫలితం అనుకుని వేసిన లెక్క ఇది. పాతికేళ్లవాడు బతికి ఇంకో ముప్పై ఏళ్లు పనిచేస్తే ఈ రాష్ట్రానికి తిరిగొచ్చేదెంతో మీ ఆర్థిక శాఖనే లెక్కవేయమనండి.

డబ్బున్న దేశాల సంగతి మనకెందుకంటారా? కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, ఉక్రెయిన్‌లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి మత్తుమందుల, నేరాల విభాగం కలిసి 2019, 2020ల్లో ఒక కార్యక్రమం నడిపాయి. వేలమందికి, అంటే వాడేవాళ్లకు, వాళ్ల స్నేహితులకు, ఇంట్లోవాళ్లకు నేర్పించి కిట్లు చేతికిచ్చారు. తర్వాత కళ్లముందు ఎవరైనా పడిపోయినప్పుడు పదింట తొమ్మిది సందర్భాల్లో వాళ్లు ఆ మందు వాడారు. పడిపోయినవాళ్లలో దాదాపు అందరూ బతికారు. అవేవీ సంపన్న దేశాలు కావు.

ఖర్చు పెరిగిపోయే దారి ఒకటి ఉంది, దాని గురించి ఏపీఎంఎస్‌ఐడీసీ వారికి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో ఒక కంపెనీ ఇదే నాలోక్సోన్‌ని ఎలా పొడవాలో మాటల్లో చెబుతూ దానంతటదే సూది వేసే ఆటో ఇంజెక్టర్‌లో పెట్టి అమ్మింది. మందు పాతదే, డబ్బా కొత్తది. 2014 నుంచి 2017 మధ్య దాని ధర 600 శాతానికి పైగా పెంచింది. ఆ ఒక్క ఉత్పత్తి వల్ల ప్రభుత్వ ఆరోగ్య పథకాల మీద 14 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా భారం పడిందని 2018లో అక్కడి సెనేట్ ఉపసంఘం నివేదికే చెప్పింది. ముక్కులో కొట్టే స్ప్రే 2023 నుంచి అక్కడ చీటీ లేకుండా దొరుకుతోంది, అప్పట్లో రెండు స్ప్రేల ప్యాకెట్ సుమారు 45 డాలర్లు ఉండేది. స్ప్రే వాడటం తేలికని నాకు తెలుసు. వణికే చేతులతో గాజు ఆంప్యూల్ విరవడం కష్టమనీ తెలుసు, నేర్చుకునే రోజుల్లో మా వేళ్లే తెగేవి. అయినా మొదటి విడత సాదా ఆంప్యూళ్లతోనే మొదలుపెట్టండి. 108 సిబ్బందికి, నర్సులకు, ఏఎన్ఎంలకు ఆంప్యూల్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఇళ్లకిచ్చే కిట్ల కోసం మాత్రం, ముందే మందు నింపి ఉంచిన సిరంజిని మన దగ్గరి కంపెనీలు ఎంతకు చేసిస్తాయో టెండరు పిలిచి చూడండి. పక్కనే హైదరాబాద్, విశాఖపట్నం. మందుల తయారీలో దేశానికే పేరున్న చోట్లు.

మందు ధర చిన్నది. బడ్జెట్‌లో నిజంగా చూపించాల్సినవి వేరే ఉన్నాయి, అవి చూపించకుండా ఆంప్యూళ్లు మాత్రం కొంటే డబ్బు వృథా అవుతుంది. గడువు సంగతి మొదటిది. చిన్న ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడుగునా ఒక్కసారీ వాడకపోవచ్చు. గడువుకి ఆరు నెలల ముందే ఆ స్టాకుని పెద్దాసుపత్రికి పంపి కొత్తది తెప్పించుకునే ఏర్పాటు ఉంటే నష్టం చాలావరకు తప్పుతుంది. వేడి ఇంకోటి. నాలోక్సోన్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు, కానీ మే నెలలో విజయవాడ ఎండకి ఆగిన బండి లోపల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఎండాకాలంలో బండ్లలోని స్టాకుని త్వరత్వరగా మార్చాలి, దానికి మనిషీ రిజిస్టరూ కావాలి.

శిక్షణ ఖర్చుని తక్కువ చేయొద్దు. మందుకంటే ముందు నేర్పాల్సింది ఊపిరి ఇవ్వడం. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, నోటితోనో బ్యాగుతోనో గాలి ఊదుతూ ఉంటే ఆంప్యూల్ వచ్చేలోగా మెదడు చచ్చిపోదు. సూది ఇచ్చాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, 108 వచ్చేదాకా కదలకూడదు, లేచాడు కదా అని ఒంటరిగా వదిలేయకూడదు. ఇదంతా పోస్టరు అంటిస్తే రాదు. బొమ్మ మీద చేసి చూపించాలి, వాళ్లచేత చేయించాలి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు తర్వాతి రోజుది. బతికించి, తెల్లారి గేటు బయట వదిలేస్తే అతను మళ్లీ అక్కడికే పోతాడు. క్యాజువాలిటీ మంచం మీద నుంచి డీ-అడిక్షన్ వార్డుకి చేయిపట్టుకుని తీసుకెళ్లే ఒక కౌన్సెలర్ రాత్రి పూట కూడా ఉండాలి. ఓపియాయిడ్ అలవాటు మాన్పించడానికిచ్చే బ్యుప్రినార్ఫిన్ చికిత్స అవసరమైనవాళ్లకు మర్నాడే మొదలవ్వాలి. మత్తు మానాలనుకునేవాళ్ల హెల్ప్‌లైన్ 14446 నంబరు కాగితం మీద రాసి జేబులో పెడితే సరిపోదు. నాలోక్సోన్ కొనడానికి డీ-అడిక్షన్ కేంద్రాల నిధుల్లోంచి కోత పెట్టే ఆలోచన మాత్రం దయచేసి చేయొద్దు. అమెరికాలో ఓవర్‌డోస్ చావులు 2022లో లక్షా ఏడు వేలు దాటాయి, 2024కి సుమారు 80 వేలకు తగ్గాయి. ఆ తగ్గుదలకు నాలోక్సోన్ ఒక కారణం, చికిత్స అందుబాటులోకి రావడం ఇంకో కారణం. ఇంకా కారణాలున్నాయి. ఒక్కదానితో అయ్యే పని కాదు.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న, మత్తుకు బానిసైనవాళ్ల మీద ఖర్చెందుకని. విరుగుడు చేతిలో ఉంటే ఇంకా ధైర్యంగా వాడతారు కదా అంటారు. 2018లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటి వాదనతోనే ఒక పరిశోధనా పత్రం రాశారు, దాని పద్ధతి మీద ప్రజారోగ్య పరిశోధకులు గట్టి అభ్యంతరాలు చెప్పారు. అంతకుముందే మసాచుసెట్స్‌లో 19 ఊళ్లలో నాలోక్సోన్ పంచి, శిక్షణ ఇచ్చి గమనిస్తే, ఎక్కువమందికి నేర్పిన చోట చావులు ఎక్కువగా తగ్గాయని 2013లో ప్రచురించారు. నా అనుభవం కూడా చెప్తాను. నాలోక్సోన్‌తో లేచినవాడికి అది హాయిగా ఉండదు. ఒళ్లంతా నొప్పులు, వణుకు, వాంతులు, విరేచనాలు. దాన్ని నమ్ముకుని ఎవరూ ఒక మాత్ర ఎక్కువ వేసుకోరు. గుంటూరు జిల్లా పీహెచ్‌సీల్లో పాముకాటు ఇంజెక్షన్ పెడుతున్నాం, పొలంలో చెప్పులు లేకుండా తిరగమని రైతుకు చెప్పడం కోసం పెడుతున్నామా? ఆ వయల్స్‌కి ఖర్చు లేదా, గడువు లేదా? ఎవరి తప్పు ఎంత అని ఆరా తీశాక అక్కడ సూది వేయట్లేదు కదా.

పైగా ఇది మత్తు కోసం వాడేవాళ్ల విషయం మాత్రమే కాదు. క్యాన్సర్ నొప్పికి ఇంట్లో మార్ఫిన్ వాడే తాతగారున్న ఇంట్లో, ఆయన మాత్రని మనవడు నోట్లో వేసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత నొప్పికిచ్చిన ట్రమడాల్‌ని, నిద్ర పట్టట్లేదని నిద్రమాత్రతో కలిపి వేసుకునే అమ్మమ్మ ఉండొచ్చు. వాళ్లకీ ఊపిరి అలాగే ఆగుతుంది.

డబ్బు ఏమాత్రం అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. సోదాల తర్వాత మెడికల్ షాపులవాళ్లు ఇలాంటి పేరున్న ఏ మందు ఉంచాలన్నా భయపడుతున్నారు. నాలోక్సోన్ నార్కోటిక్ కాదని, దాన్ని నిల్వ ఉంచినందుకు ఎవరికీ ఇబ్బంది ఉండదని ఔషధ నియంత్రణ విభాగం నుంచి ఒక సర్క్యులర్ చాలు. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాణ్ని ఆసుపత్రికి తెచ్చినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన బాధితుడికి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ కింద విచారణ నుంచి మినహాయింపు దొరికే వీలుంది. ఊపిరి ఆగిన స్నేహితుణ్ని మోసుకొచ్చిన కుర్రాడికి మాత్రం ఏ భరోసా లేదు. చట్టం మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు. అలాంటివాణ్ని క్యాజువాలిటీ దగ్గర పట్టుకోవద్దని, అతను చెప్పిన వివరాల మీద కేసు కట్టొద్దని డీజీపీ గారితో మాట్లాడి ఒక ఆదేశం ఇప్పించడం మీ వల్ల అవుతుంది. ఆ ఒక్క కాగితం వస్తే, పది నిమిషాల ముందు వచ్చేవాళ్లు చాలామంది ఉంటారని నాకు గట్టి నమ్మకం.

రాష్ట్రమంతా ఒకేసారి మొదలుపెట్టమని అనట్లేదు. విజయవాడ, గుంటూరు రెండు నగరాల్లో ఒక ఏడాది చేయండి. ఎన్ని ఆంప్యూళ్లు కొన్నారు, ఎంత ధరకు కొన్నారు, ఎన్ని వాడారు, ఎన్ని గడువు తీరి పారేశారు, లేచినవాళ్లలో ఎంతమంది చికిత్సలో చేరారు, మూడు నెలలకోసారి బయటపెట్టండి. పనికిరాలేదని ఆ లెక్కలు చెబితే ఆపేయండి. కనీసం ఊహ మీద కాకుండా లెక్క మీద ఆపినట్టు ఉంటుంది.

శిక్షణకు మనుషులు దొరకరన్న బెంగ వద్దు. క్యాజువాలిటీల్లో పనిచేసే మాలాంటి నర్సులు రెండు నగరాల్లోనూ ఉన్నారు, డ్యూటీ లేని రోజున వచ్చి నేర్పడానికి నేను సిద్ధం, నాతో పనిచేసేవాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు. మాకు భత్యం అక్కర్లేదు. బొమ్మలు, సిరంజులు, ఒక హాలు ఇప్పించండి. ముందుగా 108 సిబ్బందిని పంపండి, తర్వాత బస్టాండ్, స్టేషన్ ఔట్‌పోస్టుల వాళ్లని, ఆ తర్వాత డీ-అడిక్షన్ వార్డులో ఉన్నవాళ్ల అమ్మానాన్నల్ని.

భవదీయురాలు,
ఒక స్టాఫ్ నర్సు,
విజయవాడ